ఆకులన్నీ రాలిన నిమ్మచెట్టు

ఈ ఉదయం మల్లె కుండీని పక్కకు వంచి తట్టగానే, గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్ల ముద్ద చేతిలోకి జారింది. ఆ తడిమట్టి వాసన తగిలితే చాలు, నాకు బోధన్‌లోని రజియా ఆపా గుర్తుకొస్తుంది. బీడీలు చుట్టడం మానేసి, ముప్పై ఏళ్ల వయసులో ఆమె నర్సరీలో పనికి చేరాను. మనిషి పొట్టి, గొంతు మాత్రం చెరుకు లారీ హారన్. మొక్కలనూ వదిలేది కాదు. "ఏమే గులాబీ, నీళ్లు తాగుడేనా, పువ్వు ఇచ్చుడు లేదా?" అని ఆమె గదమాయిస్తుంటే కొనడానికి వచ్చినవాళ్లు పడీపడీ నవ్వేవారు.

ఒకరోజు రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఆటోలో నిమ్మచెట్టు తెచ్చింది. పన్నెండేళ్లుగా ఒకటే కుండీ. ఆకులు పసుపెక్కాయి, పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతున్నాయి. ఎంత లాగినా రాకపోతే కుండీ పగలగొట్టాం. లోపల మట్టే లేదు, అంతా వేళ్లే. ఆపా కత్తి నా చేతిలో పెట్టింది.

"సస్తే ఎట్ల ఆపా?"

"గిట్లనే ఉంచితె ఎట్లయినా సస్తది. కొయ్యి."

చుట్టుకున్న వేళ్లు కోసి, పెద్ద కుండీలో నాటి, నీడలో పెట్టాను. వారం తిరిగేసరికి ఆకులన్నీ రాలిపోయాయి. నా ప్రాణం పోయినంత పనైంది. "గదే సైజుది ఇంకోటి ఇద్దాం ఆపా, ఆమెకేం తెలుస్తది?" అన్నాను. ఆపా గొంతు తగ్గించడం అదే మొదటిసారి విన్నాను. "ఝూట్ మొక్క నా దుకాణంల దొరకదు. నువ్వే ఆమె ఇంటికి పోయి చెప్పు."

వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి, కోసింది నేనేనని చెప్పేశాను. టీచరమ్మ తలుపు పూర్తిగా తెరిచి, కుర్చీ జరిపింది. తర్వాత, "నా క్లాసుల ఎవ్వరు ఇంత జల్దీ తప్పు ఒప్పుకోలే. కూసో, చాయ్ తాగు" అంది.

ఆ రోజు నుంచి ఆమె సాయంత్రాలు నర్సరీకి వచ్చి ఆ మోడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. మూడో వారంలో పచ్చటి చిగురు కనపడింది. "మొండిది! బతికింది!" అని ఆపా వేసిన కేకకు రోడ్డు మీద స్కూటర్లు ఆగాయి.

ఆపా ఇప్పుడు లేదు. నిజామాబాద్‌లో నాకూ ఒక చిన్న నర్సరీ ఉంది. నా చేతిలో ఏ మొక్కైనా పాడైతే, ఆ మొక్క గలవాళ్లు అడగకముందే నేనే వాళ్లింటికి వెళ్తాను. తలుపు తట్టే ముందు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అయినా తడతాను.