మా ఆడపడుచు సూది పట్టని ఏడాది

కొవ్వూరులో మా ఇంటి అరుగు సాయంత్రమైతే ఖాళీగా ఉండేది కాదు. మా ఆడపడుచు రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి, బస్సులో గోదావరి దాటి వచ్చేసరికి ఎవరో ఒకరు మందుల షాపు కవరు పట్టుకుని కూర్చుని ఉండేవారు. డాక్టరు రాసిన ఇంజక్షను కొనుక్కొచ్చి ఈవిడ చేత వేయించుకోవడం మా వీధి అలవాటు. "ముందు కాఫీ తాగవే" అని నేను వంటింట్లోంచి అరిచినా వినేది కాదు.

మా ఆయన పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే. తను పెళ్ళి చేసుకోలేదు. నాకు చక్కెర జబ్బు. పొద్దున్నే టిఫినుకు ముందు ఇన్సులిన్ తనే వేసేది. ఫ్రిజ్ లేదు మాకు. తడి ఇసుక పోసిన మట్టిపిడతలో ఆ మందు సీసా పెట్టుకునేవాళ్ళం. నాకు సూదంటే చచ్చేంత భయం. అందుకని నా జబ్బ పట్టుకుని, "ఇవాళ ఏం కూర వదినా?" అని అడిగేది. బీరకాయా, ఆనపకాయా అని నేను ఆలోచించేలోపు పని అయిపోయి, దూదితో అద్దుతూ ఉండేది. రోజూ అదే మాట. రోజూ మోసపోయేదాన్ని.

ఎదురింటి పెద్దావిడ కూడా మా అరుగు మనిషే. "పిన్నిగారూ" అని పిలిచేవాళ్ళం. ఆవిడకి జ్వరం ముదిరితే మా ఆడపడుచు పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. కొన్ని మందులు వేసేముందు చుక్క మందు చర్మంలోకి ఎక్కించి, ఒంటికి పడుతుందో లేదో చూడాలి. "ఇదివరకు నీ చేత్తోనే వేయించుకున్న మందే కదే, నాకేం కాలేదు. మళ్ళీ ఆ పోటొకటి ఎందుకు?" అందట పిన్నిగారు. ఇంటి మనిషిలాంటి ఆవిడ మాట కదా అని ఈవిడ పరీక్ష చెయ్యకుండా వేసేసింది. కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి అందలేదు. డాక్టర్లు పరుగెత్తుకొచ్చి బతికించారు గానీ, పిన్నిగారు మళ్ళీ మంచం దిగి నడవలేదు. కొడుకు ఫిర్యాదు పెట్టాడు.

నర్సుల కౌన్సిలు విచారణ హైదరాబాదులో. వెళ్ళేముందు నేను, "ఆవిడే వద్దందని చెప్పవే" అన్నాను.

"ఆవిడకేం తెలుసు వదినా? తెలిసినదాన్ని నేను."

ఉన్నదున్నట్టు చెప్పి వచ్చింది. ఏడాదిపాటు రిజిస్ట్రేషను ఆపేశారు. అందాకా నర్సు పని ముట్టకూడదు. ముట్టినట్టు తెలిస్తే తిరిగి ఇచ్చే మాటే లేదన్నారట. ఉద్యోగం ఎలాగూ పోయింది.

అరుగు మీదకి జనం మాత్రం వస్తూనే ఉన్నారు. "తలుపేసుకుని వెయ్యమ్మా, ఎవరు చూడొచ్చారు?" అనేవారు. తను "కుదరదండి" అని లోపలికి వెళ్ళిపోయేది. ఒకరోజు వీధి చివరింటావిడ బలానికి రాసిన సూది పట్టుకొచ్చి, కాదనిపించుకుని, మెట్లు దిగుతూ అందరికీ వినబడేలా అంది: "మీ వదినగారికి రోజూ పొడుస్తూనే ఉన్నావుగా? ఆవిడ ఒంటికైతే రిజిస్ట్రేషను అక్కర్లేదా ఏంటి?"

ఎదురింటి కిటికీ తెరిచే ఉంది.

మర్నాడు సిరంజి నా చేతిలో పెట్టింది. "నువ్వే వేసుకోవాలి వదినా."

"ఇంట్లోవాళ్ళకి వేస్తే తప్పేంటే?"

"తప్పు కాకపోవచ్చు. ఎవరైనా వెళ్ళి చెబితే మళ్ళీ నేనే నిలబడాలి. అదీ పోతే నాకింకో పని రాదు."

వంకాయ మీద నేర్పింది. నీళ్ళెక్కించి గట్టిగా పొడిచాను. "చంపేశావు దాన్ని!" అని నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. ఆ వంకాయే కూర వండాను. తొడ మీద వేసుకోవడం వచ్చేదాకా ఎదురుగా కూర్చుని చెప్పింది గానీ, సిరంజి ముట్టుకోలేదు.

జనం రావడం మానేశారు. సాయంత్రమయ్యేసరికి తను అరుగు ఊడ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చునేది. షాపు కవర్లు పట్టుకున్నవాళ్ళు తల దించుకుని దాటిపోయేవారు. పిన్నిగారిని చూడ్డానికి ఒకసారి వెళ్ళింది. "పడుకున్నారండి" అంది కోడలు గుమ్మంలోనే. నిన్నమొన్నటిదాకా అక్కా అని పిలిచిన పిల్ల. ఆ "అండి" పట్టుకుని వచ్చి తను అన్నం తినలేదు.

ఏడాది తిరిగింది, రిజిస్ట్రేషను వచ్చింది. రాజమండ్రిలో ఎవరూ పనిలోకి తీసుకోలేదు. నరసాపురంలో ఒక ఆసుపత్రివాళ్ళు రమ్మన్నారు. అక్కడ ఇంకో నర్సుతో కలిసి ఒక్క గదిలో సర్దుకోవాలి, నాకు చోటు లేదు.

వెళ్ళే రోజు పొద్దున్న మందెక్కించిన సిరంజి తన వైపు చాపాను. చేతులు కడుక్కొచ్చి తీసుకుంది. జబ్బ పట్టుకుంది.

"ఇవాళ ఏం కూర వదినా?"

"ఒక్కదానికి కూరేంటే" అన్నాను వెంటనే. ఆ రోజు సూది దిగడం తెలిసింది.

ఇప్పుడు నేనే వేసుకుంటాను. భయం ఏనాడో పోయింది. అయినా గుచ్చుకునే ముందు ఆ మాట పైకే అడుగుతాను. ఇంట్లో ఏ కూరగాయ ఉంటే దాని పేరు చెప్పుకుంటాను.