రేవులో ఆగిపోయిన బొమ్మ రైలింజను

దీన్ని ఇన్నేళ్లు ఎలా మోశానో నాకే అర్థం కాదు. అన్నం తింటున్నప్పుడో, నలుగురితో నవ్వుతున్నప్పుడో ఉన్నట్టుండి గొంతుకు అడ్డం పడేది. మింగేసేవాణ్ణి. మీరు నన్ను ఎరగరు కనుక మీకు చెబుతున్నాను. పేర్లు మార్చాను. జరిగింది మార్చలేదు.

నేను వేలూరులో ఒక కమిషను దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చే సీమ సరుకులు కావలసిన వాళ్లకు తెప్పించి ఇవ్వడం మా పని. గుడియాత్తంలో గోవిందనాయుడనే భూవసతి గల రైతు నాకు స్నేహితుడయ్యాడు. మమ్మల్ని కలిపినవి బొమ్మ రైళ్లు. నవ్వకండి. ఆయన తన ఇంటి నడవ పొడవునా సన్నని ఇనుప పట్టాలు పరిచాడు. వంతెనలు, సిగ్నళ్లు, స్టేషను మేమిద్దరం కూర్చుని చెక్కతో చేసినవే. ఇంజను మాత్రం సీమ నుంచి రావలసిందే. మా దగ్గరున్నది కీ ఇచ్చి నడిపేది. స్పిరిటు దీపం వెలిగిస్తే నిజంగా ఆవిరి కక్కుతూ పరుగెత్తే ఇంజను కోసం నేను పెళ్లికి ముందు నుంచీ కూడబెట్టుకుంటున్నాను.

యుద్ధం ముగిశాక సర్కారు ఆటవస్తువులను విలాసాల్లో కలిపి, వాటి మీద దిగుమతి సుంకం పెంచేసింది. యంత్రాల సామాను మీద మాత్రం తక్కువే ఉంచింది. ఇక ఆ ఇంజను నాకు అందదని తెలిసిపోయింది. ఆశ వదులుకున్నాను. నాయుడు వదులుకోలేదు. అదే ఇంట్లో ఉండే ఆయన తమ్ముడు రంగయ్య నేతగాళ్లకు మగ్గం సామాన్లు తెప్పించి అమ్మేవాడు. ఇంజనును కూడా మగ్గం సామానుగా రాయించి తమ్ముడి పేరున తెప్పించాలని నాయుడు పట్టుబట్టాడు. రంగయ్య వద్దన్నాడు. భయపడ్డాడు. చివరికి అన్న మాట కాదనలేకపోయాడు. ఇదంతా నాయుడే సంబరంగా నాకు చెప్పాడు.

దుకాణం పని మీద చెన్నపట్నం రేవుకు వెళ్లిన రోజున రంగయ్య పేరున్న పెట్టె కనిపించింది. సుంకం గుమాస్తా నాకు తెలిసినవాడే. ఆ పెట్టెలో ఉన్నది మగ్గం సామాను కాదని అతనితో అన్నాను. అంతే. ఎందుకన్నాను? సర్కారు మీద భక్తితోనా? అబద్ధమంటే గిట్టకనా? కాదు, నాకు దక్కనిది ఆయన నడవలో ఆవిరి కక్కుతూ తిరుగుతుందన్న ఊహను నేను భరించలేకపోయాను. ఇన్నేళ్లు తిరగేసి మరగేసి చూసినా ఇంతకంటే గౌరవమైన కారణం ఒక్కటీ దొరకలేదు.

ఇంజను పోతుంది, అంతటితో సరి అనుకున్నాను. కాని రంగయ్యను దొంగగా నిలబెట్టారు. జరిమానా వేశారు. పట్నం వర్తకులు అతనికి సరుకివ్వడం మానేశారు. ఆ కబురు దుకాణం అరుగు మీద విన్నాను. నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాటకు ఇంత బలముందా?

నాయుడు నన్ను వెతుక్కుంటూ వేలూరు వచ్చాడు. చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుంటూనే అడిగాడు.

"పెట్టె తెరవక మునుపే దాంట్లో ఏముండాదో వాళ్లకు తెలుసంటప్పా. ఎవురో చెప్పినారు. నీకేమన్నా తెలుసునా?"

"నాకు యాడ తెలుస్తుందన్నా. మీ తమ్ముడే భయపడి ముందుగా చెప్పుకున్నాడేమో."

ఆలోచించి అన్నది కాదు. నోటికి సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. నా గొంతు నాకే పరాయిదిగా వినిపించింది.

"రంగడా?" నాయుడు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "వాడు మొదట్నుంచీ వద్దు వద్దనే అన్నాడు. అదా సంగతి."

'కాదన్నా, చెప్పింది నేనే' అనడానికి అప్పుడు కావలసినంత సమయం ఉంది. ఆయన కండువా సర్దుకుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగేదాకా ఉంది. నేను కదల్లేదు.

అన్నదమ్ములు వేరుపడ్డారు. నడవకు అడ్డంగా గోడ కట్టారు. గోడ రావలసిన చోట పట్టాలు పెరికి అవతల పారేశారు. నేను చూడటానికి వెళ్తే నాయుడు మంచి స్నేహితుడివని నా చేయి పట్టుకున్నాడు. ఆ చేతిని విదిలించుకోవాలనిపించింది. అదీ చేయలేదు. రంగయ్య ఆ తర్వాత ఒడుగత్తూరు సంతలో కుండలు అమ్ముతూ కనిపించాడు. అన్న తనతో ఎందుకు మాట్లాడటం లేదో ఇప్పటికీ తెలియదన్నాడు. నాకూ తెలియదన్నాను.

ఈ ఏడు రంగయ్య పోయాడు. పాడె మోసినవాళ్లలో నేనొకణ్ణి. నాయుడు గోడకు తన వైపునే ఉండిపోయాడు. తమ్ముడి మొహం చూడలేదు. ఆయన ఇంకా ఉన్నాడు. వెళ్లి చెప్పవచ్చు. చెబితే ఈ వయసులో ఆయన ఏమవుతాడోనని నాకు నేను చెప్పుకుంటాను; నిజానికి భయం ఆయన గురించి కాదు, ఆ కళ్లు నా వైపు తిరిగే క్షణం గురించి.

క్షమించమని అడగను. క్షమించగలిగినవాడు మట్టిలో ఉన్నాడు. రేవులో చెప్పింది నేను. రంగయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఈ మాట ఇంతవరకు నా నోట రాలేదు. ఇప్పుడు రాసి, పైకి చదువుకున్నాను. నా గొంతు నాదిగానే వినిపించింది.