కాజాలక్క పిల్లికి సెలైను

కాజాలక్క అసలు పేరు ఆ కుట్టుషాపులో ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్లుగా కోట్లకు కాజాలు కుట్టడం, అంచులు మడిచి చేతికుట్టు వెయ్యడం ఆవిడ పని. మిషను ఎంత చక్కగా కుట్టినా సరే, ఆవిడ చెయ్యి పడందే కోటు బయటికి వెళ్లదు. నోరూ అంతే, ఆవిడ నోరు పడందే షాపులో రోజు గడవదు. మొండిఘటం అని కటింగ్ మాస్టరు చాటుగా అంటాడు. ఎదురుగా అనే ధైర్యం ఆయనకెక్కడిది!

ఆ మొండిఘటం పెంచుకున్న పిల్లి పేరు గుండీ. పదమూడేళ్ల కిందట షాపులో గుండీల డబ్బాలో ముడుచుకుని దొరికితే సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. ఇంట్లో ఆవిడా, బస్సు నడిపే తమ్ముడూ, గుండీ. అంతే సంసారం.

ఈమధ్య గుండీ గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతోంది, అంతకంత పోస్తోంది, తిండి పెడితే మాత్రం మూతి తిప్పేస్తోంది. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు లెక్కపెట్టొచ్చు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, నాన్చకుండా చెప్పేసింది.

"రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయమ్మా. ఇది నయం కాదు. ఇక్కడే బోనులో ఉంచి సెలైను ఎక్కించొచ్చు. లేదంటే ఇంటికి తీసుకెళ్లి రోజు విడిచి రోజు మీరే చర్మం కింద ఎక్కించుకోవచ్చు. ఉన్నన్నాళ్లు హాయిగా ఉంటుంది. ఒక రెండు నెలలనుకోండి."

"బోనా? పదమూడేళ్లు నా పక్కలో పడుకున్నది బోనులో ఏం పడుకుంటుంది? సూది ఎలా దింపాలో చూపించండి."

"సూది మీకు అలవాటేగా," అంది డాక్టరమ్మ. ఆ అలవాటే కొంప ముంచింది.

మొదటిరోజు తమ్ముడు గుమ్మంలో నిలబడి చోద్యం చూశాడు. "మనుషులకే దిక్కులేదు, పిల్లికి సెలైనా? ప్రాణం పోయే ఇంజెక్షన్ ఒక్కటి చేయించావంటే దానికీ నీకూ పీడ విరగడవుతుంది కదక్కా!"

"ఈసారి నీకు జ్వరమొచ్చినప్పుడు డాక్టరుని అదే అడుగుతాలే. తప్పుకో."

మెడ వెనక చర్మం వేళ్లతో పైకి లాగి, సూది దింపి, గొట్టంలో సెలైను వదిలింది. గుండీ కదల్లేదు. అబ్బ, ఎంత సులువు అనుకునేలోపే ఒడంతా చల్లగా తడిసింది. చూస్తే ఏముంది, సూది ఇటు దిగి అటు తేలింది! మడత కనిపిస్తే చాలు, ఇటు పొడిచి అటు తియ్యడం తప్ప ఆ చేతికి ముప్పై ఏళ్లుగా ఇంకోటి తెలియదు మరి. రెండోసారీ అంతే. మూడోసారికి గుండీ మంచం కిందికి పారిపోయింది. తమ్ముడు పడీపడీ నవ్వాడు. అక్కకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది, అదీ తన చేతి మీదే.

చూసుకుంటే, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఇంకా వేలికే ఉంది. అది ఉన్నంతసేపూ ఆ వేలికి తొయ్యడమే తెలుసు, ఆగడం తెలియదు. పీకి అవతల పారేసింది. వేలు బోడిగా ఉంటే సూది ఎక్కడిదాకా పోయిందో తెలుస్తోంది. పాత దుప్పటి మడత మీద సాయంత్రమంతా సగంలో ఆపడం నేర్చుకుంది, కొత్తగా పనిలో చేరిన పిల్లలాగా. మర్నాడు సూది దిగింది, ఆగింది. గుండీ భుజాల మధ్య చర్మం కింద సెలైను చేరి చిన్న మూపురం లేచింది. "ఇప్పుడు నవ్వరా," అంది తమ్ముడితో.

అక్కడినుంచి ఆవిడ ఎవరి మాటా ఖాతరు చెయ్యలేదు. ఆసుపత్రి పథ్యాన్ని గుండీ వాసన చూసి, మట్టి కప్పుతున్నట్టు పక్కన నేల గీకింది. "తినని పథ్యం ఎవరికి మందండీ? కాస్త చేప కలుపుతాను" అని డాక్టరమ్మతోనే వాదించింది. ఖాళీ కడుపుకన్నా అదే నయం, పెట్టండి అని డాక్టరమ్మ ఒప్పుకున్నాక ఉప్పు లేకుండా ఉడికించిన చేప కలిపి పెట్టింది. దొడ్డికి పోయే, మట్టి పోసిన ప్లాస్టిక్ తొట్టి ఎక్కలేకపోతోందని బట్టలు కోసే కత్తెరతో దాని అంచు కోసేసింది. నాలుగు మూలలా నీళ్లగిన్నెలు పెడితే తమ్ముడు రోజుకొకటి తన్నేవాడు, తిట్లు తినేవాడు. గోడ మీద క్యాలెండరులో బాగున్న రోజుకు నీలం సుద్దగీత, బాగాలేని రోజుకు ఎర్రగీత. తిన్నదా, ఒళ్లు నాక్కుందా, కిటికీ ఎక్కిందా అని చూసి గీసేది.

రెండు నెలలన్నది ఏడు నెలలైంది. ఈలోగా ఆ నవ్విన తమ్ముడే సెలైను సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి, బుగ్గకు ఆనించి చూసి మరీ అందించడం మొదలెట్టాడు. "చల్లగా ఎక్కిస్తే వణుకుతుందక్కా" అని ఆవిడకే పాఠాలు!

ఎనిమిదో నెలలో ఎర్రగీతలు వరసగా నాలుగు పడ్డాయి. గుండీ చేప వాసనకే తల తిప్పుకుంది. ఒళ్లు నాక్కోవడం మానేసింది. కిటికీ ఎక్కబోయి కిందపడి, బీరువా వెనక్కి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది. గడ్డం కింద గోకితే గడ్డం ఎత్తలేదు. ఐదోరోజు పొద్దున అక్క డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆ ఇంజెక్షన్ తీసుకుని ఇంటికి రమ్మంది. తర్వాత మాస్టరుకు చేసి, ఇవాళ రానని చెప్పింది.

"పిల్లి కోసం సెలవా?" అన్నాడాయన.

"అవును, పిల్లి కోసమే. అలాగే రాసుకోండి."

తమ్ముడు డ్యూటీ ఎగ్గొట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పెద్దాసుపత్రికి తీసుకెళ్దామక్కా. వాళ్ల దగ్గర బోలెడు మిషన్లుంటాయి. ఇన్నాళ్లూ అందరితో కొట్లాడావు, నాతో కూడా కొట్లాడావు. ఇప్పుడు చేతులెత్తేస్తావా?"

"నేను కొట్లాడింది అది హాయిగా ఉండాలనిరా. ఇవాళ ఇంజెక్షన్ వద్దంటే హాయి నాకూ నీకూ, దానికి కాదు. తప్పుకో."

వాడు తప్పుకున్నాడు. పదకొండింటికి డాక్టరమ్మ వచ్చి, గుండీని చూసి, సంచి తెరిచింది. సిరంజిలోకి మందు తీస్తూ ఆగింది.

"తర్వాత మీకు అనిపిస్తుందమ్మా, ఇంకో వారం బతికేదేమో అని. అందరికీ అనిపిస్తుంది."

"అనిపించనివ్వండి. ఆ వారం బరువు నేను మోస్తాను, దానిచేత మోయించను. ఇక కానివ్వండి."

కిటికీ పక్క ఎండలో, అక్క ఒడిలో, గుండీ కళ్లు మూసుకుంది. తమ్ముడు అక్క భుజం మీద తల పెట్టి బావురుమన్నాడు. అక్క కూడా ఏడ్చింది, వీధిలోకి వినపడేంత గట్టిగా.