మగ్గాల మోతలో పాత డబ్బా గొంతు

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలోని విషయాలన్నీ రెండే రకాలు: వాదించి నిలబెట్టదగినవి, వాదించి పడగొట్టదగినవి. కాలేజీ వాదోపవాద పోటీల్లో కప్పులు గెలిచినదాన్ని కావడంతో (వాటిలో ఒకదానిలో మా అమ్మ ఆవాలు పోసుకునేది) మరో రకం ఉండవచ్చునన్న అనుమానమే నాకు కలగలేదు. ఆ అనుమానాన్ని కలిగించినది ఇటుకంత ఇనుప డబ్బా ఒకటి.

అది మా కాకది. కాక అంటే మా బాపు తమ్ముడు. పుట్టుకతోనే చూపు లేదు. సూరత్‌లో, ఖటోదరాలోని ఒక మరమగ్గాల షెడ్డు ఆఫీసులో కూర్చుని, వ్యాపారులు కంప్యూటర్‌కు పంపే ఆర్డర్లు విని, ఏ మగ్గం మీద ఏ బట్ట ఎక్కాలో లోపలికి చెప్పడం ఆయన పని. తెర మీది అక్షరాలను ఆయనకు చదివి వినిపించేది ఆ డబ్బానే. గొంతు దాని కడుపులోనే ఉండేది. కంప్యూటర్ అక్షరాలను తీగ గుండా పంపితే చాలు, ముక్కు పట్టేసిన దొరలా రేకు గొంతుతో చదివేది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన హిందీని సైతం దొరయాసలోనే దంచేది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతబడింది. కాక మాత్రం రోజూ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు.

ఒక దీపావళికి ముందు షెడ్డు యజమాని సేఠ్ కొత్త కంప్యూటర్ కొన్నాడు. డబ్బా తీగను తగిలించే పాతకాలపు సీరియల్ పోర్టు దానికి లేదు. సెలవుల తర్వాత వ్యాపారాలు మళ్లీ మొదలయ్యే లాభ్ పాంచమ్ నాటికి కాక దాని మీద పని చేయగలగాలి, లేకుంటే తన మేనల్లుడు ఆ కుర్చీలో కూర్చుంటాడని సేఠ్ మర్యాదగానే చెప్పాడు. జీతం ఆపడట, కాక గుమ్మం దగ్గర ఊరికే కూర్చోవచ్చట. మా ఇంట్లో అందరూ సేఠ్ మంచితనాన్ని పొగిడారు. కాక ఆ పూట అన్నం సరిగా తినలేదు.

నేను రంగంలోకి దిగాను. కాలం చెల్లిన సాధనాల మీది మమకారం ప్రగతికి ఆటంకమన్నది నా ప్రతిపాదన. న్యాయనిర్ణేత మా నాయనమ్మ. సెలవుల్లో షెడ్డు తాళం చెవి అడిగి తెచ్చి, కొత్త కంప్యూటర్‌లో లినక్స్ వేసి, తెర చదివే ప్రోగ్రాంను, దానికొక తేనెలాంటి ఆడగొంతును అమర్చాను. అన్నీ ఓపెన్ సోర్స్ సరుకే: ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, సరిదిద్దవచ్చు. మన పిల్లనే మాట్లాడినట్టుందని నాయనమ్మ తీర్పిచ్చింది. కాక మాత్రం, "మంచిగనే ఉన్నది బిడ్డా. మగ్గాలు నడవనీ, చూద్దాం" అన్నాడు. ప్రత్యర్థి వాదనలో పస తగ్గిందని నేను గ్రహించాను (అప్పట్లో నేను గ్రహించనిది ఉండేది కాదు).

లాభ్ పాంచమ్ వచ్చింది. పూజ అయింది, పాలపేడాలు పంచారు, సేఠ్ మీట వేశాడు. మగ్గాలన్నీ ఒక్కసారిగా లేచాయి. నేల వణికింది. నా తేనె గొంతు ఆ మోతలో పడి మాయమైంది. శబ్దం పెంచితే బావిలో ఎవరో మూలిగినట్టు వినిపించింది. ఇయర్‌ఫోన్ పెడదామంటే కాకకు ఒక చెవి ఫోనుకు కావాలి, రెండోది లోపలి కేకలకు. నేత కుటుంబంలో పుట్టి, మగ్గాల చప్పుడులోనే అక్షరాలు దిద్దిన నేను, గొంతును మగ్గాలు ఆగిన రోజుల్లో పరీక్షించాను. మోతలో పెరిగినవాళ్లకు మోత వినబడదు కాబోలు.

"డబ్బాది రేకు గొంతు. మోతను చీల్చుకొని వస్తది. మంచి గొంతు అండ్ల కలిసిపోతది" అన్నాడు కాక, నా చెవి దగ్గరకు వంగి.

మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు జర సందు ఇస్తే చెప్తుంటి గద."

అప్పటికే మేనల్లుడు తల దువ్వుకుని వచ్చి నిలబడ్డాడు. సేఠ్ కాక భుజం మీద చెయ్యి వేసి, "ఇస్ హఫ్తే తక్ దేఖో, భాయ్" అన్నాడు. అంటే ఈ వారమే గడువు.

ప్రతిపాదనను నేనే తిరగేశాను. పోటీల్లో ఏ పక్షం చేతికిచ్చినా వాదించగలం; ఈసారి మాత్రం నమ్మి వాదించాలి. యూఎస్‌బీకి సీరియల్ తీగను కలిపే అడాప్టర్ ఒకటి, దానికో కొత్త కేబుల్ కొని తగిలించాను. డబ్బా పలకలేదు. నేను వేసిన ప్రోగ్రాం దాని కోసం పాతకాలపు పోర్టులోనే వెతుకుతోంది, అడాప్టర్ వైపు చూడటమే లేదు. ఆ ప్రోగ్రాంను నిర్వహిస్తున్న వారికి నిర్వచనం, వాదం, ఖండన, ఉపసంహారాలతో సుదీర్ఘమైన లేఖ రాశాను. అలాంటి డబ్బానే వాడే ఎవరో అంధుడు, ఏ దేశం వాడో తెలియదు, ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు: కొత్త వెర్షన్ వేసుకో, అది అడాప్టర్ గుండా కూడా పంపుతుంది. నేను దాచుకున్న ఖండనలన్నీ వృథా అయ్యాయి.

డబ్బా పలికింది. అయితే పొడవైన ఆర్డర్లకు మొదలూ చివరా చెప్పి నడుమను మింగేస్తోంది. "మీ నాయనమ్మ కథ చెప్పినట్టున్నది. రాజు పుట్టిండు, రాజు సచ్చిండు" అన్నాడు కాక. ఇంట్లో తల పట్టుకుని కూర్చుంటే కారణం తేలింది. చదువుతూ నిండిపోయినప్పుడు డబ్బా ఒక ప్రత్యేకమైన తీగ మీద కంప్యూటర్‌ను ఆగమంటుంది. నేను చౌకగా కొన్న కేబుల్‌లో ఆ తీగే లేదు. అవతలివాడు ఆగమంటున్నాడని తెలియక కంప్యూటర్ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూనే ఉంది. (ఆ లక్షణం నాకెక్కడో పరిచయమున్నట్టు తోచింది గానీ పని తొందరలో ఆలోచించలేదు.) అన్ని తీగలూ ఉన్న కేబుల్ తెచ్చి బిగించాను.

గడువు చివరి రోజున సేఠ్ వచ్చి వెనక నిలబడ్డాడు, పక్కనే మేనల్లుడు. మగ్గాలు పూర్తి జోరులో ఉన్నాయి. కామ్‌రేజ్ ఊరి వ్యాపారి ఆర్డరొకటి వచ్చింది. డబ్బా ముక్కుతో దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక్క మాటా మింగలేదు. కాక తలుపు వైపు తిరిగి ఏ మగ్గం మీద ఏ నూలు మార్చాలో అరిచి చెప్పాడు. లోపలి నుంచి సరేనన్న కేక వచ్చింది. సేఠ్ కాసేపు చూసి, మేనల్లుణ్ణి టీ తెమ్మని పంపాడు.

నేను గొంతు సవరించుకున్నాను. సాధనం పాతదా కొత్తదా అన్నది కాదు, అది ఎవరి చెవికి, ఏ చోట, అని ఉపసంహారం మొదలుపెట్టానో లేదో, కాక చెయ్యెత్తాడు.

"ఆగు బిడ్డా. ఇంకో ఆర్డరొస్తున్నది."

ఆగాను.

ఆనాటి నేనైన ఆ పిల్ల ఇప్పటికీ నా కళ్ల ముందు నిలుస్తుంది: నోటి నిండా ప్రసంగం, చేతిలో స్క్రూడ్రైవర్, ఉన్న ఒక్క శ్రోతా ఆమెకు వీపు తిప్పి ఇనుప డబ్బాను వింటున్నాడు. తర్వాత చాలా సభల్లో మాట్లాడాను, కొన్నిట్లో నెగ్గాను కూడా. కానీ మాట నోట్లోనే ఉండిపోయినందుకు అంతగా మురిసిపోవడం మాత్రం మళ్లీ నాకు చేత కాలేదు.