నలభై లెక్కలు

మొన్న మా కోడలు సీతమ్మధారలో మనవరాలి బడికి వెళ్ళి, హోంవర్కు మరీ తక్కువ ఇస్తున్నారని తోటి తల్లులతో కలిసి అర్జీ పెట్టి వచ్చింది. "మీ రోజుల్లో ఎంత ఇచ్చేవారత్తయ్యా?" అంది. రోజుకి నలభై లెక్కలన్నాను. మెచ్చుకోలుగా తలూపింది. మిగతాది చెప్పలేదు.

డెబ్బైల చివర్లో మేం పాత ఊళ్ళో, వన్ టౌన్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఓడరేవులో గుమస్తా. గోదావరి జిల్లా నుంచి వచ్చాం కనక మాదే అసలు తెలుగని ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఏడో తరగతిలో మా లెక్కల మేష్టారు మెత్తగా మాట్లాడే మనిషి. ఎవరినీ కొట్టేవారు కాదు. చెయ్యని లెక్కల్ని మర్నాటికి రెట్టింపు చేసేవారు, అంతే. బెత్తం పట్టే మేష్టార్లే నయమని మాకు తొందరగానే తెలిసింది. పుస్తకాలు పోగుచేసి ఆయన బల్ల మీద పెట్టే మోనిటర్ని నేను. ఆ పదవికి తగ్గట్టు జడలు కూడా బిగించి వేసుకునేదాన్ని. వెనక బెంచీలో ఒక పిల్ల ఉండేది. తెల్లవారకముందే తల్లితో ఫిషింగ్ హార్బరుకి వెళ్ళేది. తల్లి వేలంలో చేపలు పాడుకుంటూంటే తను గంప బోర్లించుకుని దాని మీద కూర్చుని లెక్కలు చేసేది. బడికొచ్చేసరికి నలభై పూర్తి. ఆ పుస్తకాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, అట్టకి అంటిన పొలుసుల్ని అందరూ నవ్వేదాకా చూపించేదాన్ని. మూడు నెలల పరీక్షలో ఆమెకి నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. మర్నాడు ఆమె పుస్తకాన్ని తరగతిలోని బీరువా వెనక్కి జారవిడిచాను.

"మోనిటర్‌కి ఇచ్చీసినాను మేస్టారూ," అంది ఆ పిల్ల. ఆయన నా వైపు చూశారు. "ఇవ్వలేదండీ," అన్నాను. "అబద్ధం కూడానా? రేపు ఎనభై," అన్నారాయన. ఎనభైకి వేళ చాలలేదు. ఆ మర్నాటికి నూట అరవై, తర్వాత మూడు వందల ఇరవై. పెరిగిన అంకెని తరగతంతా ముందే అరిచి చెప్పేవాళ్ళం. అందరికంటే ముందు నాదే గొంతు. నాలుగో రోజు ఆమె రాలేదు, తల్లి వచ్చింది.

"బాబూ, పిల్ల కూడు తినకండా రాత్తంది. పుస్తకం ఇచ్చీసినానంతాది. నిజమో అబద్దమో నాకేటి తెల్సు," అంది గంప గుమ్మం బయట దించి.

"ముందు మూడు వందల ఇరవై తెమ్మనండి."

"అయితే ఇంకెందుకు బాబూ. సేపలు అమ్ముకుంటాది," అని ఆవిడ గంప ఎత్తుకుంది. బీరువా నాకు నాలుగడుగుల దూరం. నేను కదల్లేదు. ఇక వాసన పోయిందని పక్క పిల్ల అంటే నవ్వాను కూడా.

పెళ్ళయ్యాక, ఎనభైల్లో ఒకసారి హార్బరుకి వెళ్తే, గంప ముందు ఆమే కూర్చునుంది. గుర్తుపట్టావా అని అడిగాను. "ఎందుకు గుర్తుపట్టను? ఆ పుస్తకం ఎక్కడెట్టీసినావు?" అంది. బీరువా వెనక అన్నాను. చేపని తిరగేసి, తల తీసేసి, "మాయమ్మ సచ్చిపోయేదాకా నాను అబద్దమాడినాననే అనుకుంది," అంది. తర్వాత నా వెనకున్నావిడని ఏం కావాలని అడిగింది.

ఆ తల్లి ఎప్పుడు పోయిందో అడగలేదు. నేను నిజం చెప్పడానికి పట్టిన కాలం ఆవిడ ఆ తర్వాత బతికిన కాలం కంటే కొంచెమైనా ఎక్కువ. ఇన్నేళ్ళుగా నేను ఆ కొంచెంలోనే ఉంటున్నాను.