మాక్ టెస్టుల కోడిపుంజు

మా లైబ్రరీ వెనక గల్లీల ఇగ నేను తలెత్తుకొని తిరగలేను! నవ్వకుండ్రి, ముందు నిన్న ఏమైందో మొత్తం వినుండ్రి.

రోజూ కామారెడ్డిల బస్సెక్కి ఎల్లారెడ్డికి పోయి నేను పుస్తకాలిచ్చి వస్తనని మీరందరు అనుకుంటరు. ఏం పుస్తకాలు! ఆధార్‌ల ఫోన్ నంబర్ ఎక్కడ మారుస్తరు, దుబాయ్‌ల ఉన్న కొడుక్కు వీడియో కాల్ ఎట్ల చెయ్యాలె, షుగర్ గోలీ తినకముందా, తిన్నంకనా... అన్నీ నన్నే అడుగుతరు. బజారుకొచ్చినోళ్లు సంచులు కూడ నా టేబుల్ కిందనే పెట్టి పోతరు. నాకూ అదో గొప్పే అనుకోండి.

నిన్న గాంధారి దిక్కు నుంచి ఓ అవ్వ వచ్చింది. "బిడ్డా, బ్యాంకుల ఏలిముద్ర ఏసొస్త, జర దీన్ని చూస్కో" అని సంచి పెట్టి పోయింది. సంచి మూతికి తాడు, తాడు సందుల నుంచి నల్ల కోడిపుంజు తల! నోరు తెరిచి రొప్పుకుంట నన్నే చూస్తున్నది. పాపం, ఇన్ని నీళ్లు తాపుదామని ముడి వదులు చేసిన.

అంతే! టపటపమని ఎగిరి రీడింగ్ హాల్‌లకు పోయింది. అక్కడ కానిస్టేబుల్ పరీక్షకు చదివేటోళ్లు మాక్ టెస్ట్ రాస్తున్నరు. "ఫ్యాన్లు బంద్ చెయ్యుండ్రి!" అని గొంతు చించుకున్న. రోజూ వాళ్లు గుసగుసలాడితేనే గదుముతా నేను! కుర్చీలు పడ్డయి, పేపర్లు లేచినయి. కోడి ర్యాకుల మధ్యల ఎటు పోయిందో కనబడలే. ఇంతల కిటికీ దగ్గరున్న ఓ పిల్ల, "మేడం, అగో! బయటికి దుంకింది!" అన్నది. చూస్తే నిజంగనే వెనక గోడ మీద నల్ల కోడిపుంజు.

కాబోయే పోలీసులాయె, పెన్నులు పడేసి ఉరికిన్రు. చెప్పుల్లేకుండ వాళ్లెనక నేను. గల్లీ గల్లంత గాలించి, ఆఖరికి ఆ పిల్లనే చున్నీ ఏసి పట్టింది. ఊరేగించుకుంట తెచ్చినం. సంచిల పెట్టి ముడేసి, అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టిన.

అవ్వ వచ్చింది. ముడి విప్పి తొంగి చూసింది.

"ఇది నాది కాదు బిడ్డా."

"నీదే అవ్వా, నల్లగ లేదా?"

"నా పుంజుకు తోకేడిది? పిల్లి పీకింది. దీనికి గింత పొడుగున్నది!"

సంచిల ఉన్నప్పుడు తల, ఎగిరినప్పుడు రెక్కలు... తోక నేనెక్కడ చూసిన!

అవ్వ అక్కడ్నే కూలబడ్డది. "మనుమని జ్వరం తగ్గితే ఇస్తనని పోచమ్మకు మొక్కిన కోడి బిడ్డా. రేపే మొక్కు. ఇంకోటి కోస్తే అమ్మ ఊకుంటదా?" అని కండ్లు తుడుచుకున్నది. ఇన్ని నీళ్లు తాపుదామనుకున్న పాపానికి ముసలామె ఉసురు తగిలేటట్టున్నది.

అప్పుడు నెత్తి మీది నుంచి, "కొక్కొరొకో!"

బీరువా మీద, పాత పేపర్ల కట్టల నడుమ, తోక లేని పుంజు! అది బయటికి పోనే పోలే. మేం ఊరంత ఉరుకుతుంటే నీడపట్టున సల్లగ కూసున్నది. అవ్వ "రా బిడ్డా" అని చెయ్యి చాపంగనే దిగొచ్చింది. ఏడుపొచ్చేంత సంతోషమైంది నాకు.

అవ్వ సంచిలున్నదాన్ని తీసి నా చేతిల పెట్టి, తన కోడిని పట్టుకొని పోయింది. మరి నా చేతిలున్నది ఎవరిది? అందరం ముఖాలు చూసుకుంటుండంగనే, వెనకింటి లచ్చక్క నడుం మీద చెయ్యి పెట్టుకొని గుమ్మంల నిలబడ్డది. "మేడం, నా కోడిని మీ పోరగాండ్లు పట్టుకొచ్చిన్రంట?"

తలొంచుకొని అప్పజెప్పిన. ఆమె కోడిని చంకల పెట్టుకొని, హాల్ హాలంత ఇనవడేటట్టు అన్నది:

"తీస్కపోతే తీస్కపోయిన్రు మేడం. లైబ్రరీ నడిపేటోళ్లు, ఓ సంతకం పెట్టి తీస్కపోవద్దా?"