బంతిని చూడని ఔద్రోనె

మా ఊరు విల్కుపె బాస్కెట్‌బాల్ హాల్లో బంతి రింగు వైపు లేచిందంటే అందరి తలలూ పైకి లేచేవి. టేబుల్ దగ్గర ఒక్క తల మాత్రం కిందికి వంగేది. అది ఔద్రోనెది.

ఆమె పని షాట్ గడియారం. బంతి చేతికొచ్చిన జట్టు ఇరవై నాలుగు సెకన్లలోపు దాన్ని రింగుకు తాకించాలి. తాకితే ఆమె మీట నొక్కి గడియారాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. తాకకపోతే నొక్కకూడదు. సున్నాకు వస్తే హారన్ మోగి బంతి అవతలి జట్టుకు పోతుంది. ఆ హాలు వైర్లూ స్కోరు బోర్డూ చూసుకునేది నేనే కనుక నా కుర్చీ ఆమె పక్కనే. తల వంచుకు కూర్చున్న మనిషి వేలు సరిగ్గా ఆ క్షణానికే ఎలా కదులుతుందో నాకు అంతుబట్టేది కాదు. అడిగితే, "నీ స్క్రూడ్రైవర్ సంగతి నువ్వు చూసుకో వీతెనిస్," అనేది.

ఆ ఏడాది మా జట్టు మూడు దేశాల లీగ్‌లో చేరింది. అంతవరకూ మాది రెండో శ్రేణి ఆట. పగలు బడిలో పాఠాలు చెప్పి సాయంత్రం ఆడేవాళ్లూ, సగం నిండిన హాలూ. ఇప్పుడు జీతాల మీద ఆడేవాళ్లు వచ్చారు. పొరుగు దేశాలు లాత్వియా, ఎస్తోనియా జట్లు పెద్ద బస్సుల్లో దిగాయి. టికెట్లు దొరకలేదు. వెల్లుల్లి రుద్దిన నల్లరొట్టె వేపుడు మొదటి విరామానికే అయిపోయింది. డోళ్లు మెడకు తగిలించుకున్న అభిమానుల గుంపు ఒకటి మా టేబుల్ వెనకే స్థిరపడింది.

కొత్త లీగ్‌లో ఔద్రోనె వేలు తడబడింది. బంతి బోర్డుకు మాత్రమే తగిలితే నొక్కింది. రింగును తాకి ఎగిరితే ఊరుకుంది. రిఫరీ ఆట ఆపి మా దగ్గరికి రావడం మామూలైంది. కోచ్ సిగితస్ ముఖం బీట్‌రూట్‌లా తయారైంది.

"ఏమ్మా ఔద్రోనె, నువ్వు మా వైపా, వాళ్ల వైపా?"

"నేను గడియారం వైపు."

"అదీ నీ వైపు ఉన్నట్టు లేదే!"

చలికాలం మధ్యలో లీగ్ పరిశీలకుడు ఉల్దిస్ వచ్చి ఒక ఆట మొత్తం చూశాడు. లాత్వియా రాజధాని రీగా మనిషి. మా భాషను ఆగి ఆగి మాట్లాడతాడు.

"చివరి ఆటకి మళ్లీ వస్తానండీ. అప్పుడూ ఇలాగే ఉంటే వచ్చే ఏడాది ఈ కుర్చీలో రీగా నుంచి మా మనిషి కూర్చుంటాడు. మీ మీద కోపం ఏం లేదు."

"నాకూ లేదండీ," అంది ఔద్రోనె.

అతను వెళ్లాక మీట వైరు చుట్టబోయి రెండుసార్లు జారవిడిచింది. ఆమెకు మొగుడు పోయాడు, ఉద్యోగం అయిపోయింది. వారమంతా ఎదురుచూసేది ఆ కుర్చీ కోసమే. నేను టీ తెచ్చి ముందు పెట్టి, మళ్లీ అదే ప్రశ్న అడిగాను.

"నేను చూడను, వీతెనిస్. వింటాను."

ఒకప్పుడు రైల్వే యార్డులో ఆమె పని, ఆగిన గూడ్సు బండ్ల చక్రాలను సుత్తితో కొట్టి పగుళ్లు కనిపెట్టడం. "మంచి చక్రం మోగుతుంది. పగిలింది దగ్గినట్టు ఉంటుంది. రింగూ అంతే. బోర్డుది ఒక చప్పుడు, రింగుది ఒకటి."

"చూస్తే పోలా?"

"చూస్తే మోసపోతాం. మనవాడు వేస్తే తాకాలని ఉంటుందిగా, తాకినట్టే కనబడుద్ది. చెవికి ఆ పిచ్చి లేదు. కానీ ఈ డోళ్లలో నాకు నా దగ్గే వినపడట్లేదు."

"వాయించొద్దని చెప్పనా?"

"పెళ్లికి పిలిచి తినొద్దంటావా? ఊరుకో."

నేను ఊరుకోలేదు. చిన్న మైకు ఒకటి తెచ్చి, రింగు కొక్కేనికి తగిలించి, వైరును ఆమె చెవిదాకా లాగాను. బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ రింగుకు ఏదీ కట్టకూడదని లీగ్ నియమమట. మర్నాడే నిచ్చెనెక్కి విప్పాను.

ఆ తర్వాత ఆమె రోజూ ప్రాక్టీసుకు రావడం మొదలుపెట్టింది. ఇక కళ్లతోనే పట్టడం నేర్చుకోవాలని, చెవుల్లో దూది కుక్కుకుని రింగు కింద స్టూలు వేసుకునేది. మా జట్టులో అందరికన్నా పొడుగు దోవీదస్ ఊరుకుంటాడా?

"మా ఆట వినలేక చెవులు మూసుకున్నావా పిన్నీ? కళ్లు కూడా మూసుకో, ఇంకా హాయిగా ఉంటది!"

ఆమెకు వినపడలేదు. మేం నవ్వుతుంటే, ఏమన్నాడో చెప్పమని నన్ను పొడిచింది.

మొదటి వారం ఆమె వేలు తప్పుతూనే ఉంది. ఒకరోజు ఉన్నట్టుండి స్టూలు దగ్గరికి జరుపుకుని, నన్ను పిలిచింది.

"రింగు చూడకు, బంతి మీద నల్ల గీతలు చూడు. చేతిలోంచి వెనక్కి దొర్లుతూ వస్తుందా? రింగుకి ఏ కాస్త తగిలినా ఆ దొర్లడం చెడుతుంది. తగల్లేదనుకో, అలాగే పోతుంది."

నాకు ముందు ఏమీ కనిపించలేదు. ఇంకాసేపు చూశాక కనిపించింది. ఇన్నేళ్లూ ఆ హాల్లోనే కూర్చుని, బంతి తిరుగుతుందనే సంగతి గమనించనే లేదు. ఆ రోజు నుంచి నేనూ ప్రాక్టీసు మానలేదు. మేం పందేలు కాసుకునేవాళ్లం. ఎక్కువసార్లు ఆమే గెలిచేది.

చివరి ఆట ఎస్తోనియా జట్టుతో. గెలిస్తే మేం తర్వాతి దశకు వెళ్తాం. ఉల్దిస్ మా వెనక వరసలో కూర్చున్నాడు. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు ఆధిక్యంతో బంతి మా చేతిలో ఉంది. దోవీదస్ మూల నుంచి వేశాడు. బంతి రింగు అంచును రాసుకున్నట్టే పోయింది. అవతల మావాడే అందుకున్నాడు. గడియారం మళ్లీ మొదలైందనుకుని, తొందరేముందన్నట్టు బంతిని చంకలో పెట్టుకున్నాడు. హాలంతా లేచి నిలబడింది. తాకిందని నేనూ అనుకున్నాను.

ఔద్రోనె నొక్కలేదు. హారన్ మోగింది.

"నిద్రపోయావా పిన్నీ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. సిగితస్ టేబుల్ మీదికి వంగాడు. "నొక్కు! తాకింది! నేను చూశాను!"

"చూడాలనుకున్నావు, సిగితస్," అంది ఆమె. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

రిఫరీలు తెర దగ్గరికి వెళ్లి, వీడియోను వెనక్కీ ముందుకూ తిప్పి చూశారు. తాకలేదు. బంతి ఎస్తోనియా వాళ్లకిచ్చారు. వాళ్లు వేశారు. మేం ఓడిపోయాం. మా మొదటి ఏడాది అక్కడితో అయిపోయింది.

హాలు ఖాళీ అవుతుంటే ఎవరూ మా టేబుల్ వైపు చూడలేదు. సిగితస్ కోటు వేసుకోకుండానే మంచులోకి వెళ్లిపోయాడు. ఉల్దిస్ మాత్రం వచ్చి ఔద్రోనె ఎదురుగా నిలబడ్డాడు.

"వచ్చే ఏడాది కూడా మీరే కూర్చోండి."

ఆమె తలూపింది. ఉల్దిస్ మెట్ల దాకా వెళ్లాక వెనక్కి పిలిచింది.

"ఏమండీ, మీ రీగా మనిషి ఉన్నాడు చూడండి, ఆయన ఎలా కనిపెడతాడు?"

ఉల్దిస్ మెట్టు మీంచి వెనక్కి తిరిగాడు. "అడగలేదండీ."

"అడిగి చెప్పండి," అంది ఔద్రోనె.

వేసవిలో తానే రీగా వెళ్లి అడిగి వచ్చింది. రింగుకు బంతి తగిలితే కింద వల ఊగుతుంది, ఆయన అది చూస్తాడట. వచ్చీ రాగానే దోవీదస్‌ను పిలిచి, బంతి చేతికిచ్చి, రింగు కిందికి స్టూలు లాక్కుంది.